కూపే ఇంజను శబ్దంపై ఏకగ్రీవ నివేదిక

మానవజాతి నిర్మించుకున్న వ్యవస్థలన్నిటిలోకీ వేగంగా పనిచేసేది కార్ల అభిమానుల అభిప్రాయ వ్యవస్థ. అంబులెన్సు రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. కొత్త కారు మీద అభిప్రాయం రావడానికి నాలుగు చాలు. అందులో రెండు ఫోటో తెరుచుకోవడానికే పోతాయి (తెరుచుకోకపోయినా అభిప్రాయం ఆగదు).

ఆ మంగళవారం ఉదయం పది గంటలకు ఒక ఖరీదైన కూపే కారు విడుదలైంది. రెండే తలుపులు. పెట్రోలు ఇంజను ఒకటి, కరెంటు మోటారు ఒకటి, అంటే హైబ్రిడ్. ఇంట్లో ప్లగ్గు పెట్టి ఛార్జి చేసుకుంటే మొదటి ఎనభై కిలోమీటర్లు ఇంజను నిద్రే లేవదు. పదీ నాలుగుకల్లా కార్ల అభిమానుల సంఘం శాశ్వత సభ్యులు ముప్ఫై నలుగురూ దాన్ని తిరస్కరించారు. ఒకాయన బరువెక్కువన్నాడు. ఇంకొకాయన ముందు గ్రిల్ బీరువా తలుపులా ఉందన్నాడు. మిగతా ముప్ఫై ఇద్దరూ ఆత్మ లేదన్నారు. సంఘం నియమావళి ప్రకారం ఆత్మ అంటే ఇంజను చేసే చప్పుడు.

సంఘంలో ముప్ఫై అయిదో మనిషి ఒకడున్నాడు. ఆ కారు అమ్మే షోరూములో మెకానిక్కు. పదకొండేళ్ళుగా తాత్కాలిక సభ్యుడు. తాత్కాలిక సభ్యుడికి వినే హక్కుంది. మాట్లాడే హక్కు లేదు. కుర్చీలో కూర్చునే హక్కు పరిశీలనలో ఉంది. శాశ్వత సభ్యత్వానికి ఏడుసార్లు దరఖాస్తు పెట్టాడు. ఏడుసార్లూ ఒకే కారణంతో తిరిగొచ్చింది: కార్లను స్వయంగా నడుపుతాడు కాబట్టి నిష్పక్షపాతంగా ఉండలేడు.

"ఈసారి పనైపోతుంది బావా," అన్నాడు సంఘం సెక్రటరీ. ఇన్సూరెన్సు ఏజెంటు, మెకానిక్కుకి స్వయానా బావమరిది. "శనివారం ప్రెసిడెంటు గారు అందరినీ వెంటబెట్టుకుని మీ షోరూముకొస్తారు. ఆ కూపే చప్పుడు వింటారట. ఏర్పాట్లు బాగుంటే అక్కడికక్కడే నీ ఫారం మీద సంతకం. నువ్వు నోరు మాత్రం తెరవకు."

"నేను నడిపాను రా దాన్ని. చాలా బాగుంది."

"ఇదిగో, ఇదే వద్దంటున్నది."

శనివారం వచ్చారు. ప్రెసిడెంటు పళ్ళ డాక్టరు. ఇతరుల నోళ్ళు తెరిపించడంలో ఇరవై ఏళ్ళ అనుభవం. సీట్లో కూర్చుని, శబ్ద పరిశీలన పత్రం ఒళ్ళో పరుచుకుని, స్టార్టు బటన్ నొక్కాడు. తెర వెలిగింది. బ్యాటరీ నిండుగా ఉంది కనక ఇంజను కదల్లేదు.

సరిగ్గా ఆ క్షణాన పలకల గోడకి అవతల, నేల శుభ్రం చేసే అక్క తన మిషన్ ఆన్ చేసింది.

గుర్రుమని శబ్దం లేచింది. ముప్ఫై మూడు తలలు ఒకేసారి పక్కకి వాలాయి. ప్రెసిడెంటు యాక్సిలరేటర్ తొక్కాడు. అక్క మిషన్ని మూలకి తోసింది. గుర్రు పెరిగింది.

"ఆరు సిలిండర్లు," అన్నాడొకడు.

"చెవిలో దూది పెట్టుకున్నావా? ఎనిమిది."

"కంపెనీ కాగితంలో నాలుగని రాశారండి."

"కాగితం ఎవడైనా రాస్తాడయ్యా. చెవి నాది."

రిటైరైన లెక్చరరొకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తన తండ్రిగారి కారు గుర్తొచ్చిందన్నాడు (తండ్రిగారికి సైకిలుండేది). మంగళవారం నాటి తిరస్కారాన్ని వెనక్కి తీసుకుంటూ అక్కడికక్కడే తీర్మానం రాశారు. ఆత్మ: పదికి తొమ్మిదిన్నర.

మెకానిక్కు మూడు నిమిషాలు ఓర్చుకున్నాడు. అతని ఫారం ప్రెసిడెంటు జేబులోంచి సగం బయటికి కనిపిస్తోంది. ఊరుకుంటే అది తనది. కానీ రోజూ ఇంజన్లు విని అన్నం తినే మనిషి.

"సార్, అది ఇంజను కాదండి. నేల తుడిచే మిషనండి."

బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

"ఇతనికి మాట్లాడే హక్కు ఎప్పుడిచ్చాం?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఇవ్వలేదండి. కానీ మిషనేనండి. చూపిస్తానుండండి."

గోడ పక్కకి వెళ్ళి మిషన్ ప్లగ్గు పీకాడు.

శబ్దం ఆగింది. ఆ కారు అసలు చప్పుడు ఏమిటో సంఘానికి మొదటిసారి స్పష్టంగా వినిపించింది. గోడ వెనక నుంచి "కరెంటు ఎవరు తీశారు?" అని ఒక ఆడగొంతు కూడా వినిపించింది. దాన్ని నమోదు చెయ్యలేదు (పత్రంలో ఆ గడి లేదు).

"ఆగిపోయింది," అన్నాడు ప్రెసిడెంటు నెమ్మదిగా. "అందుకే హైబ్రిడ్లని నమ్మకూడదు."

ముప్ఫై నాలుగు పెన్నులు కదిలాయి. నాలుగో నిమిషంలో ఇంజను ఫెయిల్. మెకానిక్కుకి విషయం అర్థమైంది. ఈ మాట షోరూము యజమాని చెవిన పడితే సభ్యత్వం సంగతి దేవుడెరుగు, ఉద్యోగం ఊడుతుంది. గబగబా ప్లగ్గు మళ్ళీ పెట్టాడు.

గుర్రు లేచింది. చప్పట్లు మోగాయి.

"బానెట్ ఎత్తకుండా బాగుచేశాడయ్యా," అన్నాడు ప్రెసిడెంటు కారు దిగుతూ. "ఎవరితను?"

"మా బావండి," అన్నాడు సెక్రటరీ. పదకొండేళ్ళలో ఆ మాట నలుగురిలో అనడం అదే మొదలు.

ఫారం జేబులోంచి పూర్తిగా బయటికొచ్చింది. ఏకగ్రీవం. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. శాశ్వత సభ్యుడి మొదటి బాధ్యత నివేదిక మీద సంతకం. 'ఈ శబ్దం ఇంజనుదేనని స్వయంగా విని ధ్రువీకరిస్తున్నాను.' మెకానిక్కు మళ్ళీ నోరు తెరవబోయాడు. బావమరిది అతని చేతిలో పెన్ను పెట్టాడు.

"బావా, నీకు దణ్ణం పెడతా."

మెకానిక్కు కుర్చీ వైపు చూశాడు. కూర్చున్నాడు. సంతకం పెట్టాడు. అతని వెనక మిగతావాళ్ళు వరసగా నిలబడ్డారు. మనిషికి మూడు ప్రతులు.

గోడ పక్కనుంచి అక్క తల బయటికి పెట్టింది. "తమ్ముడూ, నేల ఎప్పుడో అద్దంలా అయిపోయింది. మిషన్ ఆపెయ్యనా?"

"ఇంకాసేపు తిప్పక్కా," అన్నాడు మెకానిక్కు. "సంతకాలు పూర్తి కాలేదు."