ముందు మీరు

ఆ ఉదయం పదికల్లా తమ విమానాన్ని పొరుగు దేశానికి సాగనంపి, మధ్యాహ్నం ఇంట్లో హాయిగా ఓ కునుకు తీయాలన్నది నిదానంగారి ఆలోచన. విమానాల వేళలు చూసే ఈయనకు ఆఫీసంతా కలిసి పెట్టిన పేరది. రెండు దేశాలకూ ఆరేళ్లుగా మాటల్లేవు. వాటి విమాన కంపెనీలు మాత్రం చేతులు కలిపాయి. తొలిరోజు ఇక్కణ్ణుంచి ఒకటి, అక్కణ్ణుంచి ఒకటి లేవాలి. మర్యాదగా ఉంటుందని నిదానంగారే ఒప్పందంలో ఒక షరతు రాశారు: భాగస్వామి విమానం దిగి, దానికి స్వాగతం పలికాకే మన విమానం లేవాలి. అవతలివాళ్లు మురిసిపోయి, అక్షరం మార్చకుండా సంతకం పెట్టేశారు.

"ఇంకో మెమో వస్తే గిడ్డంగికి పంపిస్తానన్నాడుగా మీ మేనేజరు. ఈ ఒక్కరోజూ జాగ్రత్త," అంది భార్య, గుమ్మం దగ్గర.

పది దాటింది. ప్రయాణికులు బెల్టులు బిగించుకుని కూర్చున్నారు. స్వాగతం పలకడానికి వచ్చిన విదేశాంగ మంత్రి ఖాళీ ఆకాశం చూస్తున్నారు. నిదానంగారు అవతలి ఆఫీసరమ్మకు ఫోన్ చేశారు.

"మీ విమానం ఎప్పుడు లేస్తుందమ్మా?"

"మీది దిగగానేనండీ."

"మాది లేచేది మీది దిగాక కదమ్మా."

"అయ్యో, అదెలా కుదురుతుంది? మాకూ మర్యాద ఉందండీ. ముందు మీరు."

ఆ షరతు ఇద్దరికీ వర్తిస్తుందని నిదానంగారికి అప్పుడు తట్టింది. తాను తవ్విన గోతిలో తానే పడ్డారు. సంగతి చెబితే, "వెటకారం చేస్తున్నారయ్యా మనల్ని," అని మేనేజరు తేల్చాడు. మంత్రి చెవిన పడేసరికి అది 'మన విమానాన్ని అడ్డుకున్నారు' అయింది. గోరంత కొండంతై, పన్నెండింటికి రెండు దేశాల రేడియోలూ అదే పాట. విమానంలో రెండోసారి టీలు ఇచ్చారు.

"ఎవరు రాశారీ షరతు?" అన్నారు మంత్రి.

"నేనేనండి," అన్నారు నిదానంగారు. ఎలాగూ గిడ్డంగి తప్పదు, ఉన్నమాటే చెప్పేద్దామనుకున్నారు. "ఒకరు ముందు కదలాలండి. అది మా చేతుల్లో లేదు. మీరు వాళ్ల మంత్రిగారితో ఒక్కమాట అంటే చాలు."

"ఆరేళ్లలో ఆయన ఒక్కసారి ఫోన్ చెయ్యలేదు. నేనెందుకు చెయ్యాలి?"

"ఆయనా ఇలాగే అనుకుంటున్నారేమోనండి."

మేనేజరు ఆయన కాలు తొక్కాడు. మంత్రి ఫోన్ అందుకున్నారు, నాలుగు వాయించి పెట్టేద్దామనే.

"మీరే చేస్తారని ఆరేళ్లుగా చూస్తున్నానండీ," అంది అవతలి గొంతు.

మంత్రి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మాటలు నలభై నిమిషాలు సాగాయి. రాయబారుల్ని మళ్లీ పంపుకుందామనుకున్నారు, విమానాలు రెండూ ఒకేసారి లేవాలన్నారు. మధ్యలో మంత్రి ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టి, "ఈయన్ని ఇక్కణ్ణుంచి కదపొద్దు," అని మేనేజరుతో చెప్పారు. నిదానంగారికి కళ్లు చెమర్చాయి. ఆరేళ్ల మౌనమంతా పంతమే అనుకున్నారాయన. అందులో సగం మర్యాదేనని ఇప్పుడు తెలిసింది.

ఇక ఫోన్ ముందు ఎవరు పెట్టెయ్యాలన్న దగ్గర మాత్రం మరో ఇరవై నిమిషాలు పట్టింది.