మొద్దు చుట్టూ తడిపొట్టు

ఎమర్జెన్సీ పోయిన ఏడాది చలికాలం. ఆ ఉదయం ఆకాశం కొండ దిగి వచ్చి ఉదయగిరి బజారులో కూర్చుంది. మంచులో దుర్గం లేదు, బురుజులు లేవు. నెల్లూరు బస్సు లైట్లు వేసుకుని, హారన్ కొట్టుకుంటూ, తానెక్కడుందో తనకే తెలియనట్టు పోయింది. ఆత్మకూరు నుంచి వచ్చి కొయ్యగరిటెల షెడ్డులో సూపర్‌వైజరుగా చేరిన రాజమోహన్ మాత్రం హుషారుగా నడుస్తున్నాడు. ఈ రోజు బడే సాహెబ్ చేత ఉలి పట్టించాలి. అదీ అతని ప్లాను.

బడే సాహెబ్ ఆ షెడ్డులో పెద్ద పనివాడు. తమ్ముడు ఫకీర్ సాహెబ్ చనిపోయిన దగ్గర్నుంచీ ఉలి ముట్టలేదు. రోజూ వస్తాడు, కట్టె పెట్టి చెక్కే తన మొద్దు ముందు కూర్చుంటాడు, సగం చెక్కిన గరిటెను చేతిలో తిప్పుతాడు, సాయంత్రం దాన్ని మొద్దు మీద పెట్టి వెళ్లిపోతాడు. అన్నం ముందు కూడా ఇదే తంతు అని భార్య కరీంబీ చెప్పింది. మనిషి ఎండిపోతున్నాడు. ఇట్లాగే ఉంటే ఈ చలి దాటడని అందరూ లోలోపల అనుకుంటున్నారు. పక్కనే తమ్ముడి మొద్దూ చాపా ఉన్నచోటే ఉన్నాయి. చనిపోయిన పనివాడి మొద్దును నలభయ్యో నాటి ఫాతెహా ప్రార్థన అయ్యేవరకు ఎవరూ ముట్టరాదు. అది ఆ షెడ్డు కట్టుబాటు.

మనిషిని నిలబెట్టేది మెచ్చుకోలు మాటేనని రాజమోహన్ నమ్మకం. పగిలిన గరిటెను చూసినా బ్రహ్మాండం అంటాడు. వంకర గరిటెను చూస్తే, అందం ఆ వంకరలోనే ఉందంటాడు. నిన్న సాయంత్రం ఫకీర్ సాహెబ్ కూతురు హజరాబీని పక్కకు పిలిచాడు. ఆమె షెడ్డులో ఆకురాయి పట్టి గరిటెలు నునుపు చేస్తుంది. చెక్కడం కూడా వచ్చని రాజమోహన్ ఒక్కడికే తెలుసు.

"తెల్లారేలోపల వచ్చి మీ పెద్దబ్బ గరిటె పూర్తి చేసిపో అమ్మా. చూసుకోని, ఎప్పుడో నేనే చేసింటానులే అనుకుంటాడు. మనం మెచ్చుకుంటాం. దాంతో ఉలి పట్టేస్తాడు."

"ఆయన అట్టా అనుకునే మనిషి కాదు సార్."

"అనుకుంటాడు. తాళంచెవి ఇదిగో."

ఇప్పుడు షెడ్డు వాకిట్లో పనివాళ్లంతా బయటే నిలబడి ఉన్నారు. లోపల మంచు మోకాలెత్తున నిలిచింది. బడే సాహెబ్ మొద్దు మీద గరిటె పూర్తయి ఉంది. అక్కడివరకు బాగానే ఉంది. కానీ ఫకీర్ సాహెబ్ మొద్దు చుట్టూ, ముట్టరాని ఆ చాప మీద, పచ్చికట్టె పొట్టు రాలి ఉంది. ఇంకా తడి ఆరలేదు. చాప నడుమ మాత్రం, ఒక మనిషి కూర్చున్నంత మేర, పొట్టు లేదు.

రాజమోహన్ హజరాబీ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. చనిపోయిన తండ్రి మొద్దును ఫాతెహా కాకముందే ముట్టానని పదిమందిలో ఒప్పుకునే ధైర్యం ఆమెకు లేదు.

బడే సాహెబ్ లోపలికి వెళ్లి గరిటె అందుకుని, మెడ దగ్గర బొటనవేలితో తడిమాడు. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఫకీరు చెయ్యి ఇది," అన్నాడు నెమ్మదిగా. "వచ్చి కూర్చోని పోయినాడు."

"మీరే చేసింటారు మేస్త్రీ. మర్చిపోయింటారు. బ్రహ్మాండంగా ఉండాది," అన్నాడు రాజమోహన్.

"నేను చేసింటే నా చెయ్యి నాకు తెలీదా? నేనే చేసినానంటావా, అయితే వాడు నా చేతిలో దూరి చేసింటాడు."

పనివాళ్లు అంతవరకు మొద్దుకు దూరంగా ఉన్నారు. ఇప్పుడు ముసలాయనకు కూడా దూరం జరిగారు.

రాజమోహన్ ముందుకొచ్చాడు. "దెయ్యం లేదు, ఏం లేదు. నేనే చేయించినాను మేస్త్రీ."

"ఎవురిచేత?"

హజరాబీ తల అడ్డంగా ఊపింది. రాజమోహన్ నోరు మూసుకున్నాడు.

"మొన్న నా మేనల్లుడు ఖలీలుల్లా పగలగొట్టిన గరిటెను కూడా బ్రహ్మాండమన్నావు నాయనా," అన్నాడు బడే సాహెబ్. "మంచోడివే. కానీ నీ మాట నమ్మేదానికి లేదు. వాడు నా పని పూర్తి చేసి పెట్టినాడంటే ఏంది అర్థం? ఇంక రమ్మని."

ఆ మాట తర్వాత ఆయన ముఖం తేటపడింది. అదే అందరినీ ఎక్కువ భయపెట్టింది. మొద్దు కింది గుడ్డ విప్పి ఉలులన్నీ పంచాడు. వంపు ఉలి ఖలీలుల్లాకు ఇచ్చాడు. ఒక్కొక్కరి ముందు నిలబడి, "ఏమన్నా అనింటే మాఫ్ చెయ్యండిరా," అన్నాడు. మధ్యాహ్నానికి షెడ్డు మొత్తానికీ పలావు చెయ్యమని ఇంటికి కబురు పంపాడు. కరీంబీ ఏడుస్తూనే బియ్యం కడిగింది.

కొండ నుంచి కట్టె మోసుకొచ్చే తిరుపాలు ఈ సంగతి బజారులో ఒక్కచోటే చెప్పాడు. అది చాలింది. మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. ఆ మంచులోంచి ఒక మనిషి మెల్లగా తేలుతూ వచ్చి షెడ్డు ముందు ఆగాడు. గోరీల తోటలో గుంతలు తవ్వేవాడు. చేతిలో తాడు ఉంది.

"కబురందింది. ఎట్టా ఈ పక్క వచ్చినా గదా, కొలత తీసుకోని పోదామని," అన్నాడు.

"నిలబడాల్నా?" అడిగాడు బడే సాహెబ్.

"నిలబడితే మేలు. పడుకున్నాక మనుషులు కుదురుగా ఉండరు."

బడే సాహెబ్ వాకిట్లో అందరి ముందూ గోడకు ఆనుకుని బుద్ధిగా నిలబడ్డాడు. "కొంచెం పొడుగ్గానే తవ్వు. కాళ్లు ముడుచుకోని పడుకోలేను."

తాడు తల నుంచి మడమ దాకా దిగుతుండగా షెడ్డు లోపల చప్పుడైంది.

కట్టె మీద ఉలి. టక్. కొంచెం ఆగి, టక్ టక్. తర్వాత పొట్టును ఊదిన చప్పుడు, వెంటవెంటనే రెండుసార్లు. ఫకీర్ సాహెబ్ ఊదే తీరు అది. తాడు చేతిలోంచి జారింది. ఖలీలుల్లా కలిమా చదవసాగాడు. తిరుపాలుకు కలిమా రాదు, అయినా పెదవులు కదిపాడు. తాళంచెవి తానే ఇచ్చిన సంగతి తెలిసి కూడా రాజమోహన్ ఒంటి మీద వెంట్రుకలు లేచాయి.

బడే సాహెబ్ ఒక్కడే లోపలికి నడిచాడు.

చాప మీద ఒక ఆకారం, తలపై ముసుగు, ఎడమకు ఒరిగిన మెడ. కింది పెదవి పళ్ల కింద నొక్కిపెట్టి ఉంది. తమ్ముడు చిన్నప్పటి నుంచీ కూర్చున్నది అట్లాగే.

"ఫకీరూ," అన్నాడు ముసలాయన.

"నేను, పెద్దబ్బా. హజరాని." ఉలి ఆగలేదు. ఆపితే మళ్లీ ధైర్యం చాలదేమో. "తాడు చూసినాక ఓర్చుకోలేకపోయినాను. పొద్దున గరిటె చేసింది నేనే. ఈ మొద్దు ఇంతకుముందు మా ఇంట్లో ఉండేది గదా. అబ్బ దీనిమీదే నాకు నేర్పిచ్చినాడు. వేరే మొద్దుమీద నాకు చెయ్యాడదు. ముట్టకూడదని తెలుసు."

బడే సాహెబ్ వంగి ఆమె చేతిలోని గరిటె లాక్కుని, వెలుతురుకు పట్టి చూశాడు. ముఖం చిట్లించాడు.

"మెడ లావుగా పెట్టినావు."

"అబ్బ అట్టే పెట్టేవాడు."

"వాడికి పుట్టినప్పట్నుంచీ చెప్తానే ఉండా. విన్నాడా? వాడు వినకపోగా నీకూ ఇదే నేర్పిచ్చినాడా? ఇన్నాళ్లూ నాకు కనపడకుండా చెడిపోయినావు. జరుగు."

తన మొద్దు దగ్గర కూర్చుని చెయ్యి చాచాడు. గుడ్డ ఖాళీగా ఉంది.

"ఖలీలుల్లా. నా వంపు ఉలి ఏదిరా?"

"సాన పట్టినా మామూ. ఇప్పుడది తిన్నగా ఉండాది."

"నేను పోయేదాకా ఆగలేకపోయినావురా?"

"పోతానన్నావని," అన్నాడు ఖలీలుల్లా.

బడే సాహెబ్ హజరాబీ ఉలినే తీసుకుని గరిటె మెడ చెక్కడం మొదలుపెట్టాడు. చెక్కుతూనే తిట్టాడు. ముందు చనిపోయిన తమ్ముణ్ని, తర్వాత హజరాబీని, తర్వాత ఖలీలుల్లాను. చివరికి రాజమోహన్ వైపు తిరిగాడు. రాజమోహన్ బ్రహ్మాండం అనబోయి, ఆ చూపు చూసి మింగేశాడు.

గుంతల మనిషి గడపలో తచ్చాడాడు. "మరి గుంత?"

"ఇప్పుడొద్దులే. కొలత జ్ఞాపకం పెట్టుకో."

పలావు వచ్చింది. చాపలు పరిచారు. హజరాబీని బడే సాహెబ్ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. గుంతల మనిషి తాడు చుట్టి పక్కన పెట్టుకుని వరుస చివర కూర్చున్నాడు. కరీంబీ వడ్డిస్తుంటే అందరూ తల ఎత్తకుండా తిన్నారు. ఒకరి తర్వాత ఒకరు చేయి కడుక్కుని లేచారు.

మళ్లీ పెట్టించుకున్నది మాత్రం పోతానన్న మనిషే.