గుద్దితే మనవాడే గుద్దాలి!

అయ్యలారా, అమ్మలారా! మీ జాతకంలో కారు ప్రమాదం ఉందని తేలితే, ఆ కారు మన తెలుగువాడిదే కావాలని ఇప్పుడే మొక్కుకోండి! పరాయివాడు గుద్దితే ఏముంది? పోలీసులు, కేసు, నష్టపరిహారం... అంతా ఎండు వ్యవహారం. అదే మనవాడు గుద్దితే? చుట్టరికం దొరుకుతుంది!

నమ్మకం లేదా? అయితే సూరత్ మొండయ్య సంగతి వినండి.

మొండయ్య బతుకుదెరువుకు వెళ్లి, సూరత్‌లోని అమ్రోలిలో ఒక మిల్లులో మరమగ్గం నడుపుతాడు. కరోనా రెండో విడత కాస్త సద్దుమణిగి మిల్లులు తెరిచారు. సంబరంగా సైకిలెక్కి పనికి బయలుదేరితే, రాంగ్ రూట్లో వచ్చిన కారొకటి గుద్ది పడేసింది. మోకాలు చితికింది. జనం మూగారు, కానీ ఆరడుగుల దూరంలోనే ఆగిపోయారు. ఎంత క్రమశిక్షణ!

"ఓ అవ్వా!" అని అరిచాడు మొండయ్య. ఆ ఒక్క మాటతో, కారు దిగిన పెద్దమనిషి మొహం మాస్కు లోపలే వెలిగిపోయింది.

"అరే, మనోళ్లేనా! ఏ ఊరన్నా మీది?"

ఆయన పేరు కమలాకర్. టిఫిన్ హోటల్ యజమాని. ఆసుపత్రికి చేరేలోపే ఆయన అత్తగారి ఊరు మొండయ్య ఊరికి పక్కదేనని తేలింది. కారెక్కేటప్పుడు 'అన్నా' అయిన మొండయ్య దిగేటప్పటికి 'బావా' అయ్యాడు. ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన అతని భార్య సారక్క, కన్నీళ్లు తుడుచుకునేలోపే 'అక్కా' అయింది.

"మెట్ల మీదికెల్లి జారిండు" అని ఆసుపత్రిలో కమలాకరే చెప్పేశాడు. మొండయ్య ఉండేది నేలమీది ఒంటి గదిలో. అడక్కుండానే ఇంటికి మెట్లు కట్టించిన బావమరిది మీలో ఎంతమందికి ఉన్నాడు?

"పోలీస్ టేషన్ల కరోనా ఉన్నది బావా. కోర్టుల ఇంకా ఎక్కువున్నది. జర సోంచాయించు" అని హితవు కూడా చెప్పాడు. కరోనాకు ఎంత తెలివి! స్టేషన్లో ఉంటుందట, కోర్టులో ఉంటుందట. కమలాకర్ హోటల్లో ఒకరినొకరు తోసుకుంటూ ఇడ్లీలు తినేవాళ్ల జోలికి మాత్రం వెళ్లదు!

మొదట్లో యాపిల్ పళ్లు వచ్చాయి. తర్వాత అరటిపళ్లు. ఆ తర్వాత ఫోన్లో "ఎట్లున్నవ్ బావా?" మాత్రమే వచ్చింది. పిలుపులో తీపి తగ్గలేదు, ఆపరేషన్ చేసినా మోకాలు మాత్రం వంగడం లేదు. మగ్గం ముందు పొద్దంతా నిలబడాలి. నిలబడలేనివాడికి మిల్లులో చోటు లేదు. మళ్లీ నిలబడగలనా అన్న దిగులుతో మొండయ్యకు అన్నం సయించడం లేదు.

రెండో ఆపరేషన్ తప్పదని చెప్పిన డాక్టర్ శ్రీప్రియ, అతని పిక్క మీది మచ్చ చూసి ఆగింది. "ఏ మెట్లకు టైర్లుంటాయి మొండయ్య గారూ? ఇప్పటికైనా కంప్లయింట్ ఇవ్వండి. నష్టపరిహారం ఇచ్చేది కారు ఇన్సూరెన్స్ కంపెనీ. గుద్దినవాళ్ల జేబులోంచి ఏం పోదు."

మొండయ్యకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, నీకు ఖర్సే లేదంట! కంపెనీ ఇస్తదంట!"

అవతల చుట్టరికం గొంతు సవరించుకుంది.

"లాక్‌డౌన్‌ల కారు బయటికే తియ్యలే గద బావా... ఇన్సూరెన్స్ కట్టుడు బంద్ చేసిన. కేసయితే అంత నా మీదనే పడ్తది. మనోళ్లం, నువ్వే సమజ్ చేసుకోవాలె."

చూశారా! బయటికే తీయని కారు, బావ మోకాలిని వెతుక్కుంటూ ఎంత దూరం వచ్చిందో!

"మనోని మీద కేసేంది? నలుగురు ఏమంటరు?" అని గొణిగాడు మొండయ్య.

"ఆ నలుగురొచ్చి నీ మగ్గం నడుపుతరా?" అంది సారక్క.

మొండయ్య చాలాసేపు తన కాలినే చూసుకున్నాడు. కోపం, సిగ్గు రెండూ ఒక్కసారే వచ్చాయి. చేతికర్ర అందుకున్నాడు.

స్టేషన్లో పోలీసు విసుక్కున్నాడు. "ఇన్నాళ్లకు వస్తే ఎట్లా? గుద్దినవాణ్ని ఎక్కడని వెతకాలి?"

మొండయ్య తనకొచ్చిన హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. పేరు, తండ్రి పేరు, ఇంటి గల్లీ, హోటల్, అత్తగారి ఊరు, ఆదివారం ఏ పూట ఇంట్లో దొరుకుతాడో కూడా చెప్పాడు. పోలీసు రాయడం ఆపి తలెత్తాడు.

"ఇంత బాగా తెలుసా? నీకేమవుతాడు?"

"బామ్మర్ది అయితడు సాబ్" అన్నాడు మొండయ్య. "కారు గుద్దినప్పటి సంది."