గుహలో దొరికిన బకెట్

"మానవజాతి ఊపిరితిత్తులారా, ఇక నిశ్చింతగా ఉండండి!"

వేదిక మీద రెండు చేతులూ పైకెత్తి అలా ప్రకటించారు పరిశోధనాలయం డైరెక్టరుగారు. మనిషి కాలు మోపని ఒక కొండగుహలో, మంచుబిందువుల మధ్య, పరమ పవిత్రమైన సూక్ష్మజీవి దొరికిందట. అది తయారుచేసే పెప్టైడు, అంటే పిసరంత ప్రోటీను ముక్క, ఊపిరితిత్తుల క్యాన్సరు కణాలను ఎండుటాకుల్లా ముడుచుకుపోయేలా చేస్తోందట. ఇదంతా ఇంకా గాజుపళ్ళెం దాటలేదన్న మాట మాత్రం చప్పట్లలో కొట్టుకుపోయింది.

మూడో వరుసలో కూర్చున్న పరిశోధకురాలు తెరిచిన నోరు మూయలేదు. ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నది తనే! పట్టుకున్నది గుహలో కాదు, వెనక మెట్ల కింద, నిప్పంటుకుంటే చల్లడానికి పెట్టిన ఎర్ర ఇసుకబకెట్లో. అందులో ఇసుక కంటే సిగరెట్ పీకలే ఎక్కువ. పొగ తాగడం నిషేధించిన భవనంలో అవి ఎలా మొలిచాయో సైన్సుకు ఇంకా అంతుపట్టలేదు!

సభ అయ్యాక ఆమె ఆయన గదికి వెళ్ళింది.

"సార్, గుహ ఎక్కడిదండీ?"

"పీకల బకెట్లోంచి ఊపిరితిత్తుల మందు అంటే జనం నవ్వరా తల్లీ? సైన్సుకి కాస్త పరువుండద్దూ?"

"ఆ పీకలు ఎవరివో..."

"బకెట్‌వి!" అని, ఆ సాయంత్రమే దాన్ని స్టోర్‌రూంలో పెట్టించి తాళం వేయించారాయన.

దాంతో రోజూ అందే బకెట్ ఇసుక ఆగిపోయి సూక్ష్మజీవి అలిగింది. ప్రయోగశాలలో దానికి వెచ్చటి పెట్టె, చక్కెర నీళ్ళు, కొత్తల్లుడికి చేసినన్ని మర్యాదలు! తిన్నది, బొద్దుగా పెరిగింది, పెప్టైడు తయారుచేయడం మానేసింది. ఇబ్బందుల్లో బతికితేనే దానికి ఆ విద్య వస్తుంది కాబోలు. పాత ఇసుక కావాలి. ఈలోగా పరిశీలన సంఘం దిగింది. పెప్టైడు చూపించకపోతే పరిశోధన ఆపేస్తారు. ఆమె ఇన్నేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది.

"గుహకెళ్ళి మళ్ళీ తెచ్చుకోండి," అన్నారు సంఘానికి పెద్దగా వచ్చినావిడ.

"గుహ కూలిపోయిందండీ," అన్నారు డైరెక్టరుగారు కళ్ళొత్తుకుంటూ.

"కూలలేదండీ. స్టోర్‌రూంలో ఉంది," అంది పరిశోధకురాలు.

బకెట్ వచ్చింది. ఎన్నడూ ఎరగని వాసనన్నట్టు అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఛీఛీ! ఎవరివివి?" అన్నాడు పరిశోధనాలయం జమాఖర్చుల అధికారి.

"కాకులు తెచ్చి పడేస్తుంటాయండీ," అన్నాడు డిప్యూటీ డైరెక్టరు.

"అగ్గిపెట్టె కూడా అవే తెచ్చుకుంటాయా?" అన్నారు పెద్దావిడ.

పాత ఇసుక తగలగానే సూక్ష్మజీవికి పుట్టిల్లు చేరినట్టయింది. కొద్దిరోజుల్లోనే పళ్ళెంలో కణాలు మళ్ళీ ముడుచుకున్నాయి! పెద్దావిడ మురిసిపోయి, బకెట్‌ను బల్ల మీద పెట్టించి అందరినీ సమావేశపరిచారు.

"దీన్ని ఇన్నాళ్ళూ ఏ పొగాకు పోషించిందో తెలియాలి. ఆ వివరం ఇచ్చినవాళ్ళ పేర్లు కూడా పరిశోధనా వ్యాసంలో వేద్దాం."

అందరూ కుర్చీల అంచుకు జరిగారు.

"నావే!" అని లేచారు డైరెక్టరుగారు. "ఎండనకా వాననకా, సొంత ఊపిరితిత్తులు ధారపోసి..."

"మీరు సగం కాల్చి పారేస్తారు సార్! అంచుదాకా పీల్చింది నేను!" అన్నాడు జమాఖర్చుల అధికారి.

"నా పంటిగాటు చూడండి, పంటిగాటు!" అంటూ డిప్యూటీ మోచేతిదాకా బకెట్లో చెయ్యి పెట్టాడు.

"మరి గుహ, సార్?" అంది పరిశోధకురాలు.

"నా ఛాతీ కంటే పెద్ద గుహ ఎక్కడుందమ్మా!"

ఇక లాభం లేదని ఆమె బకెట్ లాక్కుని, ప్రయోగశాలలో దూరి గడియ పెట్టుకుంది. బయట కాసేపు అరుపులు. తర్వాత ఎవరో దగ్గారు. ఇంకొకరు అందుకున్నారు. తలుపు అద్దంలోంచి చూస్తే, పేరు కోసం కొట్టుకున్న మహానుభావులంతా గోడ పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నారు.

ఇది మందు కావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టవచ్చు. వీళ్ళు అంతకాలం ఆగేలా లేరు. ఆమె చేతి తొడుగులు వేసుకుని గబగబా ఇసుక తోడడం మొదలుపెట్టింది.