సముద్రం వైపు అంతా క్షేమం

ఆ ఉదయం ఇంజనీరు లేస్తూనే కిటికీ తెరిచి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. సముద్రంలో మచ్చుకైనా అల లేదు. పదింటికి రేవు కమిటీ అధ్యక్షురాలు చూడ్డానికొస్తోంది. విహార పడవలకు అలల తాకిడి తగలకుండా అతను రేవు ముందర బోలు కాంక్రీటు పెట్టెలతో కట్టించిన తేలే అడ్డుకట్ట ఆవిడకు నచ్చాలి. నచ్చకపోతే దాన్నీ, దాని వెనకే అతన్నీ పీకేస్తారు. అలలే లేని రోజున అలల్ని ఆపి చూపించడం ఎలాగండీ, పాపం?

"నువ్వే దిక్కురా," అన్నాడు బావమరిదితో. "స్పీడు బోటేసుకుని అడ్డుకట్ట అవతల గిరగిరా తిరుగు. బయట అలలు లేవాలి, లోపల నీళ్ళు కదలకూడదు."

"అంతేనా బావా! సముద్రాన్ని చిలికేస్తా చూడు," అన్నాడు బావమరిది. చెప్పినదానికి రెండింతలు చెయ్యడం అతని స్వభావం.

అధ్యక్షురాలు రానే వచ్చింది. ఆవిడకు ప్రతిదీ తెలియాలి. "ఈ కాంక్రీటు పెట్టెలు నేలకి ఆనకుండానే అలనెలా ఆపుతాయండీ?"

"అల బలమంతా పైపైనే మేడం. అడుగున నీళ్ళు మామూలుగా పోతుంటాయి. పైనొచ్చే అల పెట్టెకి కొట్టుకుని చచ్చిపోతుంది."

"అయితే గట్టు మీంచి ఏం తెలుస్తుంది? అవతలికెళ్ళి చూద్దాం," అంటూ ఆవిడ చిన్న పడవెక్కేసింది. బావమరిది రేపబోయే అలలన్నీ ఆవిడ నెత్తినే పడతాయి! చేసేది లేక ఇంజనీరూ ఎక్కాడు. అడ్డుకట్ట దాటగానే స్పీడు బోటు కనపడితే, దూరంగా పొమ్మని రెండు చేతులూ ఊపాడు.

రేవులోకి పొమ్మంటున్నాడు కాబోలనుకుని బావమరిది సర్రున లోపలికి దూరాడు. ఆపమని ఇంజనీరు ఇంకా గట్టిగా ఊపాడు. చాలట్లేదు కాబోలని అతను ఇంకా వేగం పెంచాడు.

ఇక చూడాలి! లోపల పడవలు ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. అడ్డుకట్ట అలల్ని బయటికి పోనివ్వదాయె, అవి వెనక్కి తిరిగి మళ్ళీ పడవల మీదే పడ్డాయి. ఓ పడవలో గడ్డం గీసుకుంటున్న ముసలి కెప్టెన్ సగం గడ్డంతోనే పైకొచ్చి, "ఎవడ్రా వాడు? ఒడ్డుకి రా, నీ పని చెప్తా!" అని రంకెలేశాడు.

ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు. ఉద్యోగం గోవిందా అనుకున్నాడు.

అధ్యక్షురాలు మాత్రం పడవ అంచున వంగి నీళ్ళను పరీక్షగా చూస్తోంది. "అరె! లోపలంత రభస జరుగుతుంటే ఇక్కడ చుక్క కదల్లేదండీ! భలే ఆపింది. దీన్ని ఉంచేద్దాం."

ఇంజనీరుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దణ్ణం మాత్రం పెట్టాడు.

"ఒక్కటే సందేహం," అందావిడ. "ఇవతలింత ప్రశాంతంగా ఉంటే, ఆ పడవలన్నీ ఇక్కడే కట్టేసుకోవచ్చుగా?"