ద్రాక్ష పందిట్లో పాము

చలికాలం చివరికొచ్చేసరికి ఆ ఇంట్లో ఏడాది పనులన్నీ ఒక్కసారే నిద్ర లేస్తాయి. ఆ ఉదయం అత్తగారు పళ్ళ డాక్టరు దగ్గరికి బయలుదేరుతూ, చెప్పులు తొడుక్కుంటూనే పనులు పంచేశారు. మామగారు కోళ్ళగూడు కడగాలి. కూతురు అటక మీద సామాను దించి దులపాలి. అల్లుడు కట్టెలు పేర్చి, రాలిన ఆకులు ఊడ్చి, పెరట్లో ద్రాక్ష తీగలు కత్తిరించాలి.

"తీగలకి నిన్ననే గుడ్డముక్కలు కట్టి ఉంచాను అల్లుడుగారూ. చూసుకుని కొయ్యండి. సాయంత్రం వచ్చాక వీధి గది సంగతి తేల్చేద్దాం" అన్నారావిడ.

ఆవిడ నోట ఆ 'గారూ' వినగానే అల్లుడి వెన్నులోంచి చలి పుట్టుకొస్తుంది. తిట్టినా బాగుండును, ఆవిడ తిట్టరు, మర్యాద చేస్తారు. అతను పనిచేసే ఫ్యాన్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక భార్యతో సహా ఈ ఇంట్లో చేరాడు. వీధి గది ఇస్తే అందులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు పెట్టుకుందామని ఆశ. ఆ గది ఎదురింటి టైలరు కూడా అడుగుతున్నాడు. అది కాస్తా టైలరు పాలైతే ఇక జన్మంతా అత్తగారి పెరట్లో ఆకులు ఊడ్చుకుంటూ బతకాల్సిందేనని అల్లుడి బెంగ.

అందుకే ఒళ్ళు దాచుకోకుండా పనిలోకి దిగాడు. పందిరి మీద సగం తీగలకు ఎర్ర గుడ్డముక్కలు కట్టి ఉన్నాయి. అల్లుడి పుట్టింట్లో, అనగా అతను పుట్టి పెరిగిన ఇంట్లో, కొట్టెయ్యాల్సిన కొమ్మకే వాళ్ళ నాన్న గుడ్డ కట్టేవాడు. లోకమంతా అంతేననుకున్నాడు పాపం. ఎర్ర గుడ్డ కనబడిన ప్రతి తీగనూ మొదలంటా తెగ్గోసి, కట్ట కట్టి, చెమట తుడుచుకున్నాడు.

భార్య కాఫీ తెచ్చి పందిరి వైపు చూసింది. గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

"ఏవండీ, ఎర్ర గుడ్డల తీగలేవి?"

"అవిగో! ఒక్కటి వదిలితే ఒట్టు."

"అయ్యో నా రాత! అవి ఉంచాల్సినవండీ! ఈ యేడు కాపంతా వాటికే. గుడ్డ లేనివి కొయ్యాలి!"

"మా ఇంట్లో కొయ్యాల్సినదానికే కట్టేవాళ్ళం కదే!"

"మీ ఇంట్లో మీరెలాగైనా ఏడవండి, ఇది మా అమ్మ పందిరి!"

అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. వీధి గది తలుపు ధడేల్మని మూసుకున్న చప్పుడు చెవుల్లో వినబడింది.

"జరిగింది చెప్పెయ్యండి. ఏమంటుంది, మహా అయితే?" అంది భార్య.

"ఏమీ అనదు. అదే నా భయం!"

అడుసు తొక్కాక కాలు కడుక్కోవాలి కదా. అల్లుడు తన పనిముట్ల సంచి తెచ్చాడు. తెగిన తీగ కొసను, మిగిలిన మొదలును ఏటవాలుగా చెక్కి, ఒకదానికొకటి ఆనించి, సన్నని రాగి తీగ చుట్టి, దానిమీద కరెంటు వైర్లకు వేసే నల్ల టేపు బిగించాడు. టేపు కనబడకుండా పైన ఎర్ర గుడ్డలు కట్టేసి, గుడ్డ లేని తీగలు కోసేశాడు. పన్నెండు గంటలయ్యేసరికి ఎర్ర గుడ్డల తీగలన్నీ మళ్ళీ పందిరెక్కాయి. వాడినప్పుడు చూసుకుందాం, ముందు ఈ సాయంత్రం గడిస్తే చాలనుకున్నాడు.

సాయంత్రందాకా ఆగే యోగం కూడా లేదు. వీధి గేటు కిర్రుమంది.

"డాక్టరుకే పన్ను నొప్పిట. రేపు రమ్మన్నారు" అంటూ అత్తగారు చేతిసంచి కిందపెట్టకుండానే పెరటి దారి పట్టారు. "ఏదీ, తీగలెలా కత్తిరించారో చూద్దాం."

అల్లుడు ఎదురు పరిగెత్తాడు. ఏం చెప్పాలో తెలియలేదు. బుర్ర ఆగిపోయింది, నోరు మాత్రం ఆగలేదు.

"అత్తయ్యా, అటు వెళ్ళకండి! పాము! పందిట్లో పాము!"

ఆ ఒక్క మాటకు కొంప మునిగింది. కోళ్ళగూడు కడుగుతున్న మామగారు బయటికి రావాల్సింది పోయి లోపలికి దూరి, తలుపు దగ్గరికి లాక్కున్నారు. కోళ్ళేమో బయటపడి పెరడంతా చెల్లాచెదురయ్యాయి. వాటి గోలకు పక్కింటి రిటైర్డ్ హెడ్ కానిస్టేబులు లాఠీతో గోడ దూకాడు. టైలరు కొలత బద్ద పట్టుకుని ఊడిపడ్డాడు.

"పొడుగెంత?" అని గద్దించాడు హెడ్డు.

అల్లుడు చేతులు చాపాడు. అందరూ తననే చూస్తుంటే భయంతో ఇంకాస్త చాపాడు.

"రంగు?"

"న... నలుపండీ." పొద్దుట్నించీ అతని కళ్ళముందు ఉన్నది ఆ రంగే మరి.

"నల్లత్రాచు!" అన్నాడు హెడ్డు, సర్వీసులో ఎప్పుడూ దొరకని దొంగ దొరికినంత సంబరంగా. ముందు కట్టెల దొంతర కూలదోయించాడు. పొద్దున్న పేర్చినవన్నీ పెరడంతా దొర్లాయి. తర్వాత పొగ పెడితే పాము బయటికొస్తుందని ఆకుల కుప్పకు నిప్పు పెట్టించాడు. పాము సంగతేమో గానీ పొగ కోళ్ళను లేపింది. అవి గగ్గోలు పెట్టుకుంటూ ఎగిరి పందిరెక్కాయి. పందిరి ఊగింది.

"అదిగో కదులుతోంది! కొట్టండి!"

హెడ్డు లాఠీ, టైలరు బద్ద కలిసి పడ్డాయి. గుంజ విరిగింది. పందిరి ఒక మూల నుంచి మొదలుపెట్టి, కోళ్ళతో సహా నేలకు దిగింది.

అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. మరుక్షణం అతనికి ఒక పాపిష్టి సంతోషం కలిగింది. ఇక తీగలు కోసింది ఎవరంటే ఏం చెప్పాలి? కానిస్టేబులుగారు! దేవుడు తెచ్చి ఇచ్చినట్టుంది. ఆ సంతోషం నిమిషం నిలవలేదు.

"ఇదిగో! నల్లగా! దొరికింది!" అని టైలరు గావుకేక పెట్టి, చేతిలోకి వచ్చిన దాన్ని అంతదూరాన విసిరేశాడు. గుడ్డ ఊడిపోయిన తీగ అది. హెడ్డు దానిమీద విరుచుకుపడ్డాడు. ఒక దెబ్బ, రెండు, మూడు. నాలుగో దెబ్బకు లాఠీ రెండు ముక్కలైంది.

అత్తగారు పొగలోంచి వచ్చి, వంగి, ఆ పామును తోక పట్టుకుని లేపారు.

"టేపు" అన్నారు.

ఆవిడ ఇంకో తీగ తీశారు, గుడ్డ విప్పారు. టేపు. ఇంకోటి. టేపు. ఇక దాచి లాభం లేదని, వాళ్ళ నాన్న గుడ్డ కట్టే పద్ధతి దగ్గర్నించి పాము పుట్టుకదాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. వీధి గదికి మనసులోనే నీళ్ళు వదులుకున్నాడు. టైలరు మీసం సవరించుకున్నాడు.

అత్తగారు అతుకు దగ్గర తీగను రెండు చేతులా పట్టుకుని వంచి చూశారు. మోకాలికి ఆనించి వంచారు. విరగలేదు.

"గుంజ విరిగింది. లాఠీ విరిగింది. ఇది విరగలేదు" అన్నారు నెమ్మదిగా. "అల్లుడుగారూ, ఇన్నాళ్ళూ మీకు పని రాదేమోనని గది విషయం నాన్చాను. ద్రాక్షదేముంది, వేరుంది, ఈ యేడు కాకపోతే పైయేడు కాస్తుంది. వీధి గది మీకే."

అల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోళ్ళగూట్లోంచి మామగారు "చచ్చిందా?" అని అడిగారు.

"ఒక్క మాట" అన్నారు అత్తగారు, చేతికంటిన మసి దులుపుకుంటూ. "పామంటే జనం పరిగెత్తి పారిపోతారు. మీరు నన్ను చూసి దాన్ని పుట్టించారు. ఇంత భయం మంచిది కాదు బాబూ, పోగొట్టాలి. కొట్టు తెరిచిన రోజునుంచి నేనూ వచ్చి మీ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పొద్దున్నించి సాయంత్రందాకా. రోజూ చూస్తుంటే అదే అలవాటైపోతుంది."

ఆ పెరట్లో నిజంగానే ఒక పాము ఉండి ఉంటే ఎంత బాగుండేదోనని అల్లుడికి అప్పుడనిపించింది.