కప్పులేని కారు తలుపు

ఏరు పొంగి మార్కెట్ వీధిలోకి నీళ్ళొచ్చిన పెద్ద వరద తర్వాత మూడో ఏట జరిగింది ఇది. ఆ వరదకు ఊళ్ళో తలుపులన్నీ నీళ్ళు తాగి ఉబ్బిపోయాయి. మూసినవి తెరుచుకోలేదు, తెరిచినవి మూసుకోలేదు. తలుపుల మేస్త్రి ఏడాది పాటు ఇల్లిల్లూ తిరిగాడు. పట్టేసిన తలుపును ఊడదీయడం, ఒరుసుకున్న చోట చిత్రిక పట్టడం, మళ్ళీ బిగించడం. ఒక్క తలుపు కూడా ఆయన మాట కాదనలేదు. మేస్త్రి చెడిపోయింది అక్కడే.

మూడో ఏట ఒక బుధవారం పొద్దున్నే ఆయన కప్పులేని పాత కారొకటి నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడు. గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గర కొన్నాడు. రంగు వెలిసింది. అడుగు రేకును తుప్పు తినేసింది. వాన వస్తే వేసుకునే మడత గుడ్డ చిరిగింది. కానీ నడిచేది. దాన్ని వాకిట్లో పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో ముక్కా బాగుచేసుకోవాలని మేస్త్రికి ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఆయన భార్యకు అంత పెద్ద కోరిక లేదు. ఆవిడకు కావలసింది ఒక్క ఆదివారం.

ఆవిడ అక్కకు వెన్నుపూస జారి ఏడాదయింది. నడుముకు బిగువైన పట్టీ కట్టారు, వంగకూడదు. బస్సు మెట్లు ఎక్కలేదు, కప్పున్న కారులోకి తల వంచి దూరలేదు, లారీ కుదుపులకు డాక్టరు ఒప్పుకోడు. సోమవారం ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరాలి. తర్వాత లేచి కూర్చుంటుందో, పడుకునే ఉంటుందో డాక్టరు చెప్పలేదు. "ఈలోపల ఒక్కసారి సముద్రం చూపించవే" అని చెల్లెల్ని అడిగింది. కప్పులేని కారయితే నిటారుగా ఎక్కి, నిటారుగా కూర్చోవచ్చు.

"తలుపు కర్రుమంటోంది" అన్నాడు మేస్త్రి, ఎడమ తలుపు తెరిచి మూస్తూ.

"అననివ్వండి. ఆదివారం దాకా దాని జోలికి పోకండి."

"పది నిమిషాల పనే."

"వంటింటి తలుపు తీసినప్పుడూ ఇదే మాట అన్నారు. రెండేళ్ళు దుప్పటి కట్టుకున్నాం."

కారు అమ్మి తాళంచెవులు ఇచ్చేటప్పుడు గడియారాలాయన కూడా ఏదో చెప్పబోయాడు. "నడుస్తోంది, నడవనివ్వండి. తలుపుల విషయంలో మాత్రం..." అనగానే మేస్త్రి నవ్వాడు. "తలుపుల సంగతి నాకు చెబుతారా అండీ!" అని వచ్చేశాడు.

గురువారం పొద్దున ఆకురాయి తీసి ఎడమ తలుపు అంచు కొద్దిగా అరగదీశాడు. ఒరుపు పోలేదు. ఊడదీస్తే తప్ప పని కుదరదని ఊడదీసి రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాడు. ఒక తలుపు చేసి రెండోది వదిలేస్తే పనితనం అనిపించుకోదు గనక కుడి తలుపు కూడా తీశాడు. ఆ సమయానికి బావమరిది వచ్చాడు. బస్సు కండక్టరు, భారీ మనిషి. అక్కకు సీటు మెత్తగా ఉంటుందో లేదో చూస్తానని ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రి పనిముట్ల పెట్టె కూడా అతని ఒళ్ళో పెట్టాడు. కింద ఎక్కడో టప్‌మంది.

"ఏంట్రా అది?"

"నా మోకాలేమో బావా. ఈ మధ్య అలాగే అంటోంది."

శుక్రవారం తలుపులు బిగించబోతే పట్టలేదు. పైన బొటనవేలంత ఎక్కువయ్యాయి. మేస్త్రి చాలాసేపు చూశాడు.

"తలుపులు పెరిగాయిరా."

"రేకు తలుపులు ఎలా పెరుగుతాయి బావా?"

"వరదప్పుడు పెరగలేదూ?"

"అవి చెక్కవి కదా!"

"నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. పట్టలేదంటే పెరిగినట్టే."

పెరిగినంత మేరా అరగదీశాడు. ఇప్పుడు తలుపులు పట్టాయి కానీ గడియ అందలేదు. గడియ దగ్గర చెక్కముక్క పెట్టి మేకు కొట్టాడు. గడియ పడింది, మళ్ళీ లేవలేదు. లోపలున్న బావమరిది గాభరాపడి తలుపు బాదాడు. "పైన కప్పు లేదుగా, దూకి రా" అన్నాడు మేస్త్రి. తర్వాత మేకు సడలించి గడియ ఆడేలా చేశాడు. వానగుడ్డ వేసి చూస్తే నిన్నటి దాకా బిగుసుకునే గుడ్డ వదులై, బావమరిది నెత్తిన టోపీలా దిగింది. రెండు రోజులుగా ఆ కారు కింద పడుకుంటున్న పక్కింటి పిల్లి వచ్చి, తల పెట్టి చూసి, వెనక్కి వెళ్ళిపోయింది. పిల్లికి తెలిసింది మేస్త్రికి తెలియలేదు.

బావమరిది బస్సు పెద్దక్క ఇంటి మీదుగానే పోతుంది. ఆవిడ గేటు దగ్గర నిలబడి అడిగింది. "ఎంతవరకు వచ్చిందిరా కారు?"

తలుపులు ఊడదీశామంటే బెంగపడుతుందని "రంగు వేస్తున్నాం అక్కా" అన్నాడు.

"నా కోసం రంగెందుకురా! నీలమా?"

బస్సు కదిలింది. "ఆ, నీలమే!" అని అరిచాడు.

శనివారం కబురొచ్చింది. కారుకు తగ్గట్టు నీలం రంగు స్కార్ఫు తెప్పించుకుందట. మేస్త్రి భార్య నీలం డబ్బా తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఉన్న రంగు ఒక పక్కకే సరిపోయింది. అక్క ఎక్కబోయే పక్క వేశాడు.

"అక్కను అటుపక్కకు తీసుకెళ్ళకుండా చూసుకోండి" అంది భార్య. ఆ వారంలో ఆవిడ వేసిన జోక్ అదొక్కటే. అందులో నవ్వు లేదు.

ఆదివారం ఎనిమిదింటికి పెద్దక్కను ఎక్కించుకోవడానికి బయలుదేరారు. ఇంజను పాపం మొదటిసారి తాళం తిప్పగానే అందుకుంది. దాని తప్పేం లేదు. వెనక సీట్లో భార్య, బావమరిది. వీధి చివర ఒక గతుకుంది. ముందు చక్రాలు దాటాయి. తర్వాత నడిమధ్య నుంచి పెద్ద చప్పుడొచ్చి కారు కూలబడింది. ముందు భాగం ఆకాశాన్ని చూసింది, వెనక భాగం ఆకాశాన్ని చూసింది, మధ్యలో మేస్త్రి నేలను చూశాడు. తలుపులు మాత్రం చక్కగా మూసుకునే ఉన్నాయి.

పదిమంది తోశారు, కదల్లేదు. బావమరిది అలవాటు కొద్దీ "రైట్, రైట్" అన్నాడు. వెనక సీట్లో మేస్త్రి భార్య ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

గడియారాలాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన వంగి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"రెండు తలుపులూ ఒక్కసారే తీశారా?"

"తీశాను."

"తీసినప్పుడు లోపల బరువేమైనా ఉందా?"

మేస్త్రి బావమరిదిని చూశాడు. బావమరిది గోడెక్కి కూర్చున్న పక్కింటి పిల్లిని చూశాడు.

"కప్పున్న కారుకు పైన కప్పు పట్టు. దీనికి అడుగు రేకే పట్టు, అది తుప్పు తిన్నది. అందుకని ఇరవై ఏళ్ళ కింద నేనే తలుపులు బిగువుగా కూర్చోబెట్టాను. కర్రుమన్నది బాధకు కాదండీ, బండి తలుపు మీద ఆనుకుంటే వచ్చే చప్పుడది. ఇంట్లో అయితే తలుపును గోడ మోస్తుంది. దీన్ని తలుపే మోస్తోంది. అవి తీయగానే దీని నడుము కుంగింది. కింద దన్ను పెట్టకుండా తీయొద్దని చెప్పబోయాను."

"గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు మేస్త్రి. అని, అనుకున్నదానికన్నా చిన్న గొంతుతో, "నేను వినాల్సింది" అన్నాడు.

భార్య ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రి చాలా రోజులు అనుకున్నాడు.

సాయంత్రం ఆయన ఒక్కడే వదిన ఇంటికి వెళ్ళాడు. గేటు దగ్గర ఎత్తు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. నల్ల కళ్ళద్దాలు, నీలం స్కార్ఫు. పొద్దున ఎనిమిదింటి నుంచి అక్కడే ఉందని వాళ్ళ ఎదురింటామె చెప్పింది. ఎండ దిగిపోయింది. కళ్ళద్దాలు ఇంకా తీయలేదు.

"తలుపు బాగుపడిందా మరిదీ?" అంది. అప్పటికే తమ్ముడు వచ్చి అంతా చెప్పేశాడన్నమాట.

"బాగుపడింది వదినా."

"సరేలే. సముద్రం ఎక్కడికి పోతుంది!"

మేస్త్రి గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ స్కార్ఫు విప్పి మడత పెట్టడానికి ప్రయత్నించింది. వంగకుండా ఒళ్ళో మడత పెట్టడం రాలేదు. ఆయనే మడిచి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి బండి వచ్చింది. వదినను పడుకోబెట్టి ఎక్కించారు. ఆమెకు బండి పైకప్పు తప్ప ఇంకేం కనబడదు. మేస్త్రి పక్కన కూర్చున్నాడు. వెనక తలుపు ఎంత నెట్టినా సరిగా పడలేదు. "మీరు తలుపుల పనే కదా మేస్త్రీ, కాస్త చూస్తారా?" అని డ్రైవరు అడిగాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపి, ఆసుపత్రి దాకా దాన్ని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.